పార్కిన్సన్స్ ఉన్నవారి పొట్ట సంగతి: మాత్రల వేళలు, మలబద్ధకం, మింగడం – ఇంట్లోవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

పొద్దున వేసుకున్న మాత్ర గంటన్నర దాటినా పట్టలేదు, కాళ్లు కదలనంటున్నాయి అంటే ఇంట్లోవాళ్లకు ముందుగా తట్టేది "డోసు చాలడం లేదు" అన్న మాటే. చాలాసార్లు డోసు సరిపడానే ఉంటుంది, కాకపోతే అది చేరాల్సిన చోటికి చేరదు. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా; కదలికలను నడిపే డోపమిన్‌గా మెదడులో మారేది అదే. అది ఒంటికి పట్టేది జీర్ణాశయంలో కాదు, దాన్ని దాటాక వచ్చే చిన్నపేగు మొదటి భాగంలో. పార్కిన్సన్స్‌లో జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి మాత్ర అక్కడే నిలిచిపోతుంది. పెద్దపేగు మందగించి మలం పేరుకుపోయినప్పుడు పైభాగం ఇంకా మందగిస్తుంది. అందుకే డోసు పెంచమని డాక్టర్‌ను అడిగే ముందు పొట్టను సరిచేసి చూడాలి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క పని గురించే.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును మొదటిసారి వివరించినప్పుడే మలబద్ధకం, చొల్లు కారడం, మింగలేకపోవడం గురించి రాశాడు. చాలామందిలో చెయ్యి వణకడానికి కొన్నేళ్ల ముందే, కొందరిలో పదేళ్లకు పైగా ముందే, మలబద్ధకం మొదలవుతుంది. మెదడులో దెబ్బతినే నరాల్లో పేరుకునే ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ పేగు గోడల్లోని నరాల్లోనూ కనిపిస్తుంది. అంటే పెద్దాయనకు మోషన్ కాకపోవడం వయసు వల్లనో, కూరలు తినకపోవడం వల్లనో మాత్రమే కాదు, జబ్బులోనే అదొక భాగం. దానికీ విడిగా, క్రమంగా వైద్యం జరగాలి.

మొదటి అడుగు: వారం రోజుల పట్టిక

ఏదీ మార్చకముందు 7 రోజులు ఒక నోట్‌బుక్‌లో ఇవి రాయండి: మాత్ర వేసుకున్న టైము, అది పట్టిన టైము (ఒళ్లు తేలికైందని మనిషే చెబుతారు), దిగిపోయిన టైము (పట్టు తగ్గి మళ్లీ బిగుసుకోవడం మొదలైన వేళ), ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎన్ని నీళ్లు తాగారు, మోషన్ అయిందా, ఎలా అయింది. చివరి దానికి 1 నుంచి 7 వరకు ఉండే బ్రిస్టల్ స్కేలు వాడుకోవచ్చు. మేక పెంటికల్లా గట్టి ఉండలు పడితే 1, పూర్తిగా నీళ్లయితే 7. మనకు కావలసింది 3 లేదా 4. వారంలో మూడుసార్ల కన్నా తక్కువ అవుతున్నా, రోజూ అవుతున్నా ముక్కాల్సి వస్తున్నా, పూర్తిగా కాలేదనిపిస్తున్నా మలబద్ధకం ఉన్నట్టే. "రోజూ వెళ్తున్నారు కదా" అని వదిలేయకండి.

డాక్టర్ దగ్గర ఉండే పది నిమిషాల్లో ఈ పట్టిక చెప్పినన్ని విషయాలు నోటితో చెప్పలేరు. మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం తిన్న రోజుల్లోనే 2 గంటల మాత్ర పట్టడం లేదన్నలాంటి సంగతులు రాస్తేనే కంటపడతాయి.

రెండో అడుగు: మందుల సంచి కింద కుమ్మరించండి

ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పూ, గ్యాస్ మాత్రలతో సహా, టేబుల్ మీద పెట్టి వెనకవైపు కాంపోజిషన్ చదవండి. ఈ పని చేయకుండా ఆహారం ఎంత మార్చినా ఫలితం తక్కువే.

ముందుగా వెతకాల్సినవి మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్, ప్రోక్లోర్‌పెరజైన్. మొదటిదీ మూడోదీ వాంతులకు ఇస్తారు. లెవోసల్పిరైడ్ మన దగ్గర గ్యాస్ క్యాప్సూల్స్‌లో పాంటోప్రజోల్‌తోనో రాబెప్రజోల్‌తోనో కలిసి వస్తుంది. వాటిలో చాలావాటికి బ్రాండు పేరు చివర "ఎల్" ఉంటుంది. ఈ మూడూ మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటాయి. పార్కిన్సన్స్ ఉన్నవారికి ఇస్తే వణుకు, బిగుసుకుపోవడం పెరుగుతాయి. జబ్బు లేనివారిలో కూడా పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెప్పించగలవు. తల తిరుగుడుకు వాడే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా ఇదే కోవలోవి. మందుల షాపులో "కడుపుబ్బరంగా ఉంది, ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్న క్యాప్సూల్ వల్ల నడక ఆగిపోయిన వాళ్లు తక్కువేం కాదు. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి, పైన "పార్కిన్సన్స్ – ఇవి ఇవ్వకూడదు" అని పెట్టి మందుల డబ్బాకు అంటించండి.

వికారానికి వీటి బదులు సాధారణంగా డాంపెరిడోన్ రాస్తారు. అది మెదడులోకి పెద్దగా వెళ్లదు కాబట్టి నడక మీద ప్రభావం చూపదు. కానీ గుండె లయను చెదరగొట్టే గుణం ఉంది. అందుకని ముందు ఈసీజీ తీయించి, తక్కువ మోతాదులో, అవసరమైనన్ని రోజులే వాడాలి. ఒకపక్క దాన్ని విడిగా వేసుకుంటూ, మరోపక్క పేరు చివర "డి" ఉండే గ్యాస్ క్యాప్సూల్ కూడా వేసుకుంటే డాంపెరిడోన్ రెండింతలు పడుతుంది. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. వికారానికే ఇచ్చే ఇంకో మందు ఒండాన్‌సెట్రాన్ నడకను చెడగొట్టదు గానీ మలబద్ధకం పెంచుతుంది. పార్కిన్సన్స్‌కే ఇచ్చే అపోమార్ఫిన్ ఇంజెక్షన్ వాడేవారికి అసలు పనికిరాదు.

తర్వాత పేగును మందగింపజేసే మందులు చూడండి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ ఈ పనిలో ముందుంటుంది. ఐరన్, కాల్షియం మాత్రలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే కొన్ని మాత్రలు ఆ తర్వాత వస్తాయి. ఐరన్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది: పేగులో లెవోడోపాను పట్టేసుకుంటుంది. రెండింటికీ మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి. వీటిలో దేన్నీ మీకు మీరే ఆపకండి. జాబితా రాసుకెళ్లి డాక్టర్‌ను అడగండి.

ఇక లెవోడోపా స్ట్రిప్పు. 110, 125, 275 అన్న అంకెలు చాలామందికి "పవర్" లాగా కనిపిస్తాయి. నిజానికి 110 అంటే లెవోడోపా 100 మి.గ్రా., కార్బిడోపా 10. 125లో 100, 25. 275లో 250, 25. లెవోడోపా రక్తంలోనే డోపమిన్‌గా మారిపోయి వికారం తెప్పించకుండా ఆపేది కార్బిడోపా. ఆ పనికి రోజుకు 70 నుంచి 100 మి.గ్రా. కావాలి. 110 మాత్ర రోజుకు నాలుగు వేసుకునేవారికి అందేది 40 మాత్రమే. మాత్ర వేసుకున్న ప్రతిసారీ కడుపులో తిప్పుతోంటే "మీకు ఈ మందు పడదు" అని తేల్చేసే ముందు ఈ లెక్క డాక్టర్ ముందు పెట్టండి. అదే లెవోడోపా ఉన్న 125కు మారిస్తే సరిపోవచ్చు.

లెవోడోపా ఎక్కువసేపు పనిచేయడానికి తోడుగా ఇచ్చే ఎంటకాపోన్ వాడేవారిలో కొందరికి మొదలుపెట్టిన కొన్ని వారాలకో నెలలకో నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. ఏమి తిన్నా తగ్గని విరేచనాలైతే ఆ మందును అనుమానించాలి. మూత్రం నారింజ రంగులో రావడం కూడా దానివల్లే. అందులో భయపడాల్సింది లేదు.

దూలగొండి గురించి ఒక మాట. ఆ గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే. 1937లో మన దేశపు శాస్త్రవేత్తలే దాన్ని వాటిలోంచి వేరుచేశారు. అందుకే అది "మూలిక కదా, ఏం కాదులే" అని మాత్రలతో పాటు వేసుకునేది కాదు. పొడిలో ఎంత లెవోడోపా ఉందో ఏ డబ్బా మీదా నమ్మకంగా తెలియదు, తోడుగా కార్బిడోపా ఉండదు. వికారం, ఒళ్లు మెలికలు తిరగడం, బీపీ పడిపోవడం అన్నీ పెరగొచ్చు. వాడుతూ ఉంటే న్యూరాలజిస్టుకు దాచకుండా చెప్పండి.

మూడో అడుగు: మాత్రకూ భోజనానికీ ఎడం

మాత్ర తిండికి అరగంట ముందో, తిన్న గంటన్నర రెండు గంటల తర్వాతో పడాలి. కారణాలు రెండు. ఒకటి, నిండిన పొట్ట మాత్రను కిందికి వదలదు. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. రెండోది, ప్రొటీన్ అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలూ లెవోడోపా ఒకే దారిన పోతాయి. పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి, రెండుచోట్లా పోటీయే.

మన ఇళ్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు కాఫీతో మాత్ర వేసుకోవడం. 100 మి.లీ. పాలలో 3 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. చిక్కటి గేదెపాలైతే కొవ్వు అదనం. లేవగానే మాత్రను మామూలు నీళ్లతో, కనీసం ముప్పావు గ్లాసుతో, కూర్చుని వేసుకుని, అరగంట ఆగి కాఫీ తాగాలి. వేసుకున్నాక వెంటనే పడుకోకూడదు. నిటారుగా కూర్చున్నా, నాలుగడుగులు వేసినా పొట్ట త్వరగా ఖాళీ అవుతుంది.

నాలుగుసార్లు మాత్ర వేసుకునే మనిషికి రోజు ఇలా కుదురుతుంది: 6:30కి మాత్ర, 7:15కి టిఫిను, 11:30కి మాత్ర, 12:30కి భోజనం, 4 గంటలకు మాత్ర, 5 గంటలకు పండో అటుకులో, 7:30కి మాత్ర, 8:15కి రాత్రి భోజనం. టైములు మీ డాక్టర్ రాసినవే ఉంచి, భోజనాన్ని వాటి చుట్టూ సర్దండి. ఫోన్‌లో మాత్రకొక అలారం, భోజనానికొక అలారం పెట్టండి. అత్తగారి ఇంట్లో పెళ్లయినా, గుళ్లో ప్రసాదమైనా మాత్ర వేళ మాత్రం జారకూడదు.

మందు కొత్తగా మొదలైనవారికి ఖాళీ కడుపున వికారం వస్తే మాత్రతో పాటు అర అరటిపండో రెండు మేరీ బిస్కెట్లో తినొచ్చు. ప్రొటీన్ పెద్దగా లేని చిన్న తిండితో పెద్ద నష్టం ఉండదు. కొన్ని వారాల్లో వికారం చాలామందికి తగ్గుతుంది.

ప్రొటీన్‌ను రాత్రికి జరపడం అందరికీ అక్కర్లేదు. మాత్ర పట్టడం, దిగిపోవడం రోజులో స్పష్టంగా తెలుస్తున్నవారికి, పప్పూ మాంసమూ తిన్నాక మాత్ర విఫలమవుతున్నట్టు పట్టికలో కనబడినవారికి మాత్రమే. మొత్తం ప్రొటీన్ తగ్గించకూడదు, వేళ మార్చాలి. కిలో బరువుకు రోజుకు 0.8 నుంచి 1 గ్రాము కావాలి. 60 కిలోల మనిషికి 48–60 గ్రాములు.

మన తిండిలో లెక్క సుమారుగా ఇది: 50 గ్రాముల పెసలతో వేసిన రెండు పెసరట్లలో 11 గ్రాములు, లోపల ఉప్మా పెడితే 16 దాకా. మూడు ఇడ్లీలు 6–7. గుడ్డు 6. గ్లాసు పాలు 6–7. చిన్న కప్పు పెరుగు 3–4. 30 గ్రాముల కందిపప్పుతో వండిన పప్పు 6–7. 100 గ్రాముల చేప లేదా కోడిమాంసం 18–22. ఉప్మా పెసరట్టు టిఫిను తర్వాత వచ్చే మాత్ర ఎందుకు పట్టదో ఇప్పుడు అర్థమవుతుంది.

విదేశీ పద్ధతిలో పగలంతా 10 గ్రాముల లోపే ప్రొటీన్ ఉండాలంటారు. అన్నం తినేవాళ్లకు ఆ అంకె కుదిరే పని కాదు. 150 గ్రాముల బియ్యంలోనే 12 గ్రాములు ఉంటుంది. కాబట్టి అంకెల వెంట పడకుండా పగలు అన్నం, కూర, పులుసు, చారు, పచ్చడి, పళ్లు పెట్టి, పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం, చేప రాత్రి భోజనానికి జరపండి. రెండు వారాలు చూడండి. తేడా లేకపోతే పాత పద్ధతికి వచ్చేయండి. తేడా వస్తే మూడు విషయాలు గమనించాలి: మందు బాగా పట్టడం వల్ల ఒళ్లు మెలికలు తిరగడం ఎక్కువైతే డాక్టర్ డోసు తగ్గించాల్సి రావచ్చు, రాత్రి పక్కమీద అటూ ఇటూ తిరగలేకపోవచ్చు, బరువు తగ్గొచ్చు.

నాలుగో అడుగు: మలబద్ధకం

ఇక్కడ ఓపిక కావాలి. ఒకేరోజు అన్నీ మొదలుపెడితే ఏది పనిచేసిందో, దేనివల్ల ఉబ్బరం వచ్చిందో తెలియదు. ముందు నీళ్లు, తర్వాత పీచు, తర్వాత కూర్చునే పద్ధతి, అప్పుడు మందు అన్న వరసలో వెళ్లండి.

నీళ్లు రోజుకు 1.5 నుంచి 2 లీటర్లు. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టర్ చెప్పాలి. పెద్దవాళ్లు నీళ్లు తగ్గించేది దాహం తెలియక మాత్రమే కాదు, రాత్రి బాత్‌రూమ్‌కు లేవాలన్న భయంతో కూడా. అందుకే 750 మి.లీ. సీసాలు రెండు నింపి, ఒకటి మధ్యాహ్న భోజనంలోపు, రెండోది సాయంత్రం 6లోపు ఖాళీ అవ్వాలని పెట్టుకోండి. ఆ తర్వాత గుక్కలు మాత్రమే. ఏప్రిల్, మే ఎండల్లో ఇంకో అర లీటరు. పలుచటి మజ్జిగ లెక్కలోకి వస్తుంది, కానీ మాత్ర వేళ కాకుండా.

పీచు రోజుకు సుమారు 25 గ్రాములు కావాలి. మూడు పూటలా తెల్లన్నమే తినేవారికి 300 గ్రాముల బియ్యం నుంచి వచ్చేది 8–9 గ్రాములే. ఒక పూట అన్నం తీసి రెండు జొన్నరొట్టెలు (80 గ్రాముల పిండి) పెడితే వాటితోనే 8 వస్తుంది. మిగిలిన అన్నం 5–6, ఒక కప్పు తోటకూర 4, పప్పు దాదాపు 3, ఒక జామకాయ 8 – పాతిక దాటుతుంది. గోరుచిక్కుడు, చిక్కుడు, గోంగూర, రాగులు, బొప్పాయి, నానబెట్టిన ఎండు అంజీర కూడా బాగా పనికొస్తాయి. జొన్నరొట్టె నమలలేకపోతే జొన్నసంకటి చేయండి. జామ గింజలు గొంతులో అడ్డం పడేవారికి గింజలు తీసిన గుజ్జు ఇవ్వాలి.

వారానికి 5 గ్రాములకు మించి పెంచకండి. తినగానే పొట్ట నిండిపోయి త్రేన్పులు వచ్చేవారికి, అంటే జీర్ణాశయమే మందగించినవారికి, పీచు ఎక్కువైతే ఉబ్బరం పెరుగుతుంది. వారికి రోజుకు 5–6 చిన్న భోజనాలు, మెత్తగా ఉడికినవి, నూనె తక్కువగా, కాస్త జారుగా ఉన్నవి పడతాయి. గట్టి పదార్థం కన్నా ద్రవం పొట్టలోంచి త్వరగా దిగుతుంది.

ఇసబ్గోల్ మంచిదే, వాడే తీరు తెలియాలి. ఒక టీస్పూనుతో మొదలుపెట్టి రెండు దాకా, 240 మి.లీ. నీళ్లలో కలిపి జిగురు కట్టేలోపే తాగేసి, పైన ఇంకో గ్లాసు నీళ్లు. పడుకోబోయే ముందు వద్దు. నీళ్లు తక్కువైతే అదే గట్టి ముద్దగా మారి దారిని మూసేస్తుంది. మింగడం కష్టమైనవారికి అసలు ఇవ్వకూడదు, గొంతులోనే ఉబ్బుతుంది. లెవోడోపాకు 2 గంటల దూరంలో ఉంచండి.

కూర్చునే పద్ధతి చాలామంది పట్టించుకోరు. మోషన్ వేళ టిఫిను తిన్న 15–30 నిమిషాలకు పెట్టండి. పొట్ట నిండగానే పెద్దపేగు కదిలే వేళ అది. పొద్దుటి మాత్ర పట్టి ఒళ్లు తేలికైన టైము కూడా అదే అయితే ఇంకా మంచిది. ఎందుకంటే మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు కూడా కాళ్లలాగే బిగుసుకుంటాయి. వదులు కావాల్సిన క్షణంలో బిగుస్తాయి. నాటు దొడ్డిలో కూర్చోవడం మలానికి మంచిదే కానీ లేవలేక పడిపోయే ప్రమాదం ఎక్కువ. వెస్ట్రన్ కమోడ్ మీద కూర్చుని, పాదాల కింద 15–20 సెం.మీ. ఎత్తు పీట పెట్టి, మోకాళ్లు తుంటి కన్నా పైకి వచ్చేలా, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకు వంగాలి. పక్క గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి. ఊపిరి బిగబట్టి ముక్కకూడదు, బీపీ పడిపోయి అక్కడే కళ్లు తిరుగుతాయి. నోరు కొద్దిగా తెరిచి "ష్‌ష్" అని గాలి వదులుతూ పొట్టను ముందుకు నెట్టాలి. పది నిమిషాల్లో కాకపోతే లేచేయాలి.

ఇవన్నీ రెండు వారాలు చేసినా చాలకపోతే మందు. పార్కిన్సన్స్‌లో ముందు ఎంచుకునేది సాధారణంగా మాక్రోగాల్, అంటే పాలిఎథిలీన్ గ్లైకాల్ పొడి: 17 గ్రాములు ఒక పెద్ద గ్లాసు నీళ్లలో, రోజుకొకసారి. ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మొదటిరోజే పనిచేయలేదని ఆపేయకండి, "అయింది కదా" అని నాలుగో రోజు మానేయకండి. రోజూ వాడుతూ మోతాదు హెచ్చుతగ్గులు చేసుకునే మందు ఇది. లాక్టులోజ్ కూడా పనిచేస్తుంది గానీ గ్యాస్ ఎక్కువ. బిసకోడిల్, సెన్నా లాంటివి పేగును కదిలించేవి. వాటిని రోజూ కాకుండా అవసరానికి వాడటం మేలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మింగడం ఇబ్బంది ఉన్నవారికి లిక్విడ్ పారాఫిన్ కలిసిన తెల్లటి సిరప్‌లు ఇవ్వకూడదు. ఆ నూనె తెలియకుండా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. ఆముదం విషయంలోనూ అదే భయం. రెండోది, నీళ్లు చిక్కబరచడానికి స్టార్చ్ పొడి వాడుతున్నవారు అందులో మాక్రోగాల్ కలపకూడదు. కలిపితే చిక్కదనం పోయి పలుచన అయిపోతుంది, పొలమారుతుంది.

అత్యవసర పథకం ముందే డాక్టర్ చేత రాయించుకోండి. ఎక్కువగా ఇలా ఉంటుంది: రెండో రోజూ మోషన్ కాకపోతే మాక్రోగాల్ పెంచడం, మూడో రోజు గ్లిజరిన్ లేదా బిసకోడిల్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు). ఫాస్ఫేట్ ఎనిమాలు వయసు మళ్లినవారికి, కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి ఇంట్లో ఇవ్వకండి. చాలా రోజులుగా మోషన్ లేని మనిషికి హఠాత్తుగా నీళ్ల విరేచనాలు కారుతుంటే అవి విరేచనాలు కాకపోవచ్చు. గట్టి ముద్ద అడ్డం పడి దాని పక్కనుంచి కారేవి కావచ్చు. అప్పుడు విరేచనాలు ఆపే లోపెరమైడ్ ఇస్తే పరిస్థితి విషమిస్తుంది.

ఐదో అడుగు: మింగడం, చొల్లు

పొలమారడం ఒక్కటే లక్షణం కాదు. తిన్నాక గొంతు తడిగా గరగరలాడటం, భోజనానికి గంట పట్టడం, మాత్ర నాలుక మీదే ఉండిపోవడం, కారణం లేకుండా పదేపదే జ్వరం, దగ్గు రావడం కూడా సూచనలే. కొందరికి దగ్గు కూడా రాకుండానే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో ఆ న్యుమోనియా ముఖ్యమైనది. ఈ లక్షణాల్లో ఏది కనిపించినా పెద్ద ఆసుపత్రిలో స్పీచ్ అండ్ స్వాలో థెరపిస్టును కలవండి. ఎక్స్‌రే వీడియోతోనో ముక్కులోంచి పంపే సన్నటి కెమెరాతోనో ఎక్కడ ఆగుతోందో చూస్తారు. గడ్డం కిందికి వంచి మింగడం లాంటి చిట్కాలు ఎవరికి పనికొస్తాయో ఆ పరీక్షే చెబుతుంది.

అప్పటిదాకా ఇంట్లో చేయాల్సినవి ఇవి. మాత్ర పట్టిన వేళలోనే భోజనం. మంచం మీద కాదు, కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి. టీవీ ఆపేసి. టీస్పూనుతో పెట్టి, ఒక్కో ముద్దకు రెండుసార్లు మింగమనాలి. తిన్నాక అరగంట నిటారుగా కూర్చోవాలి.

గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగే అలవాటు మానిపించండి. తల వెనక్కి వాల్చితే గాలిగొట్టం దారి తెరుచుకుంటుంది, పలుచటి నీళ్లు నేరుగా అందులోకి పోతాయి. ఎత్తైన సన్నటి స్టీలు గ్లాసుతోనూ ఇదే చిక్కు. అడుగున నీళ్లు తాగాలంటే తల వాల్చక తప్పదు. వెడల్పు మూతి కప్పు వాడి, సగం కాకముందే మళ్లీ నింపండి.

రసం అన్నం, మజ్జిగ అన్నం మెత్తగా ఉంటాయి కాబట్టి మంచివనుకుంటాం. నిజానికి నోట్లో మెతుకు, నీళ్లు రెండూ ఒకేసారి ఉండే తిండి మింగడానికి అన్నిటికన్నా కష్టం. మెతుకు నములుతుండగానే రసం ముందు జారిపోతుంది. పెరుగన్నాన్ని మెత్తగా మెదిపి, స్పూను వంచితే జారకుండా ముద్దగా పడేంత చిక్కగా కలపండి. ముద్దపప్పు నెయ్యితో అన్నం, చారులో నానబెట్టి మెదిపిన ఇడ్లీ, చిక్కటి రాగిసంకటి బాగా దిగుతాయి. కందిపొడి అన్నం, మరమరాలు, పొడి అటుకులు, వేరుశనగపప్పులు, పీచు తేలే మునక్కాడ వద్దు. పొడులు గాలితో పాటు లోపలికి పోతాయి.

మాత్ర దిగకపోతే మెదిపిన అరటిపండు ఒక స్పూనులో పెట్టి మింగించండి. పెరుగులో కన్నా ఇది మేలు. సీఆర్ అని రాసున్న మాత్రలను పొడి చేయకూడదు, నమలకూడదు. గంటలపాటు మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా వదులుతుంది.

చొల్లు ఎక్కువ ఊరడం వల్ల కారేది కాదు. మనం మామూలుగా తెలియకుండా మింగే లాలాజలాన్ని ఈ జబ్బులో తక్కువసార్లు మింగుతారు, తల వంగి ఉంటుంది, అందుకే కారుతుంది. మాట మొదలుపెట్టే ముందు ఒకసారి మింగమని గుర్తుచేయండి. నమలగలిగేవారికి చక్కెర లేని చూయింగ్ గమ్ ఉపయోగపడుతుంది. తగ్గకపోతే లాలాజల గ్రంథుల్లో బొటులినం ఇంజెక్షన్ ఇస్తారు, సుమారు మూడు నెలలు పనిచేస్తుంది. చొల్లు తగ్గించే మాత్రల్లో చాలావరకు మలబద్ధకాన్ని పెంచేవే, పెద్దవయసులో మతిభ్రమ తెచ్చేవే.

రోజుకు రెండుసార్లు, కుదిరితే ప్రతి భోజనం తర్వాత, నోరు శుభ్రం చేయాలి. చెంపల లోపల మెతుకులు మిగిలిపోతాయి. ఊపిరితిత్తుల్లోకి జారే లాలాజలం మురికిది కాకపోతే న్యుమోనియా ముప్పు తగ్గుతుంది.

బరువు, బీపీ

నెలకొకసారి ఒకే తూకం మీద బరువు చూడండి. ఆరు నెలల్లో పదో వంతు తగ్గితే ఆగకుండా డాక్టర్‌కు చెప్పాలి. వాసన తెలియకపోవడం, వణుకుకు ఖర్చయ్యే శక్తి, మింగడానికి పట్టే టైము, దిగులు, అన్నీ కలిసి తిండి తగ్గిస్తాయి. కడుపునిండా అన్నం తిన్నాక కళ్లు తిరిగే వారికి, భోజనం తర్వాత బీపీ పడిపోతోందేమో చూడండి. తిండిని చిన్న చిన్న భాగాలు చేయడం ఇక్కడా పనికొస్తుంది. తిన్న గంటసేపు ఒంటరిగా బాత్‌రూమ్‌కు పంపకండి.

ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సందర్భాలు

పొట్ట ఉబ్బి, గాలి కూడా పోకుండా, వాంతులు అవుతుంటే ఇంట్లో ఇంకో సపోజిటరీ ప్రయత్నించకండి. పేగు అడ్డుపడటం, మెలిక పడటం ఈ జబ్బులో జరుగుతాయి. మలంలో రక్తం, తారులా నల్లటి మలం, కొత్తగా మొదలైన తీవ్రమైన కడుపునొప్పి, తిన్న వెంటనే ఆయాసంతో జ్వరం కూడా అంతే.

వాంతుల వల్లనో, ఆపరేషన్‌కు ఏమీ తినకూడదన్నారనో లెవోడోపా పూర్తిగా ఆగిపోతే ఒళ్లు కొయ్యలా బిగుసుకుని, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణాపాయం కలగొచ్చు. ఏకాదశి ఉపవాసమైనా మాత్ర, నీళ్లు ఆపకూడదు. ఆసుపత్రిలో చేర్చే రోజున ఒక కాగితం మీద ప్రతి మాత్ర పేరు, మి.గ్రా., కచ్చితమైన టైము రాసి కేసు షీటుకు పిన్ చేయించండి. "రోజుకు నాలుగు" అని రాస్తే వార్డు టైముల ప్రకారం ఇస్తారు, మీ టైముల ప్రకారం కాదు. నోటితో వీలుకాకపోతే ముక్కు గొట్టం ద్వారా ఇవ్వగలరా, డోపమిన్‌లా పనిచేసే, చర్మానికి అంటించే రోటిగోటిన్ ప్యాచ్ అవసరమా అని న్యూరాలజిస్టును అడగమని డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. అదే కాగితం కింద, ఎర్ర సిరాతో: మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, హాలోపెరిడాల్ (మతిభ్రమకు ఇచ్చే మందు) ఇవ్వకూడదు.